అనంతపురంలో ఐదు లీటర్ల గుళికల రియాక్టరు: 163 రోజుల పని డైరీ

అనంతపురం శివార్లలోని ఒక ఇంజనీరింగు కళాశాలలో, పర్యావరణ ప్రయోగశాలలో నేను పనిచేస్తున్నాను. మా హాస్టలు మురుగునీటిని ఒక నిలువు గొట్టంలో శుద్ధి చేస్తూ, మామూలు ఎస్టీపీ (మురుగు శుద్ధి కేంద్రం) బురదను ఏరోబిక్ (గాలితో బతికే) గుళికలుగా మార్చడానికి చేసిన పని వివరాలు ఇవి. మరెవరైనా ఈ పనికి పూనుకుంటే నా తప్పులు మళ్లీ చేయకుండా ఉండాలని చెడిపోయిన రోజుల గురించే ఎక్కువగా రాశాను. బాగా నడిచిన రోజుల్లో రాయడానికి పెద్దగా ఏమీ ఉండదు.

గ్రాన్యూల్ అనే మాటకు ఈ డైరీలో గుళిక అని వాడాను. 0.2 మి.మీ. కన్నా పెద్దదై, గాలి ఆపగానే ఒకదానికొకటి అంటుకోకుండా ఇసుకలాగా అడుగుకు దిగే సూక్ష్మజీవుల ముద్దను గుళిక అంటారు. ఎస్వీఐ అంటే ఒక గ్రాము బురద అరగంట దిగిన తరవాత ఎన్ని మిల్లీలీటర్ల చోటు పట్టిందో చెప్పే అంకె. మామూలు బురదకు అది 100, 150 మధ్య ఉంటే ఎస్టీపీ నడిపేవారు తృప్తి పడతారు. గుళికలకు అది 50 దరిదాపుల్లో ఉంటుంది. అంతకంటే ముఖ్యమైన గుర్తు మరొకటి ఉంది: గుళికలు దిగవలసినంతా మొదటి ఐదు నిమిషాల్లోనే దిగిపోతాయి కనుక, ఐదు నిమిషాలకు తీసిన అంకె, ముప్పై నిమిషాలకు తీసిన అంకె దాదాపు ఒకటే అవుతాయి. అందుకే ఈ డైరీలో రెండు అంకెలూ ఇస్తున్నాను.

దశ 1: గొట్టం కట్టడం (అక్టోబరు చివరి వారం)

1. పారదర్శకమైన యాక్రిలిక్ గొట్టం తీసుకున్నాను. లోపలి వ్యాసం 8.4 సెం.మీ., పొడవు 120 సెం.మీ. అడ్డుకోత వైశాల్యం 55.4 చ.సెం.మీ.
2. నీటిమట్టం 90 సెం.మీ. వద్ద గుర్తు పెట్టాను. ఆ మట్టం వరకు ఘనపరిమాణం 5 లీటర్లు.
3. శుద్ధి అయిన నీరు బయటికి పోవడానికి సరిగ్గా సగం ఎత్తులో, అంటే 45 సెం.మీ. వద్ద రంధ్రం వేశాను. ప్రతి విడతలో 2.5 లీటర్లు పోతాయి, 2.5 లీటర్లు వస్తాయి.
4. అడుగున అక్వేరియం గాలిరాయి, దానికి గాలి పంపు, మధ్యలో గాలి ఎంత పోతోందో చూపే రోటామీటరు పెట్టాను. నిమిషానికి 4 లీటర్ల గాలి పంపితే గొట్టంలో గాలి పైకి లేచే వేగం సెకనుకు 1.2 సెం.మీ. అవుతుంది. ఈ ఒరిపిడి లేకపోతే బురద గుండ్రబడదు.
5. మురుగును పైనుంచి పోయడానికి కూలర్ పంపు పెట్టాను. ఇది తప్పని తరవాత తేలింది.

మొదటి రంధ్రం వేస్తున్నప్పుడే గొట్టం రెండంగుళాల మేర చిట్లింది. యాక్రిలిక్ మీద డ్రిల్లు వేడెక్కితే పగులు తప్పదు. అక్కడ మాస్కింగ్ టేపు అంటించి, సన్నటి బిట్టుతో మొదలుపెట్టి, నీళ్లు చిలకరిస్తూ నాలుగు విడతలుగా పెద్దది చేసుకోవాలి. పగులును ఎం-సీల్‌తో మూసిన ఆ గొట్టమే ఈనాటికీ పనిచేస్తోంది.

రెండవ తప్పు డబ్బు తిన్నది. నీరు బయటికి వదలడానికి వాషింగ్ మెషీన్లలో వాడే సోలెనాయిడ్ వాల్వు కొన్నాను. దానికి కరెంటు ఇచ్చినా నీరు రాలేదు. అటువంటి వాల్వు తెరుచుకోవడానికి వెనక కుళాయి ఒత్తిడి ఉండాలి. నా గొట్టంలో రంధ్రం పైన ఉన్నది 45 సెం.మీ. నీరు మాత్రమే. దాన్ని తీసేసి మోటారుతో తిరిగే బాల్ వాల్వు పెట్టాను. అందులో వెంట్రుకలు ఇరుక్కున్నా బలంగా మూసుకుంటుంది.

విడత నిడివి నాలుగు గంటలు: నింపడం 5 నిమిషాలు, గాలి 205, దించడం (గాలి ఆపి బురదను అడుగుకు చేరనివ్వడం) 20, వదలడం 10. రోజుకు ఆరు విడతలు, 15 లీటర్లు.

ఇప్పటిదాకా ఖర్చు: గొట్టం రూ. 3,200, గాలి పంపు 1,450, రోటామీటరు 1,100, బాల్ వాల్వు 650, వృథా అయిన వాల్వు 350, కూలర్ పంపు 280, టైమరు 900, చిల్లర సామాను 740. మొత్తం రూ. 8,670.

దశ 2: మూడు రోజుల్లో పోయిన బురద (నవంబరు 4 నుంచి 17 వరకు, 1–14 రోజులు)

విత్తనంగా హాస్టలు ఎస్టీపీ ఏరేషన్ ట్యాంకులోని బురద ఐదు లీటర్లు తెచ్చి నింపాను. లీటరుకు 3,100 మి.గ్రా. ఘనపదార్థం ఉంది. సిలిండరులో అరగంటకు 480 మి.లీ. వద్ద ఆగింది, అంటే ఎస్వీఐ 155. మురుగు సీవోడీ (అందులోని మలినాన్ని ఆక్సీకరించడానికి కావలసిన ప్రాణవాయువు) సగటున 420 మి.గ్రా., అమ్మోనియా నత్రజని 36, పీహెచ్ 7.6. హాస్టలుకు బోరునీళ్లే కనుక కాఠిన్యం 520, క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) 410 వచ్చాయి.

గుళికలు తయారు కావాలంటే నెమ్మదిగా దిగే బురద బయటికి పోవాలి, వేగంగా దిగేది లోపల మిగలాలి. ఆ ఎంపిక చేసే కత్తి దించే సమయమే. నీటి ఉపరితలం నుంచి రంధ్రం వరకు 45 సెం.మీ. దూరం ఉంది. 20 నిమిషాల్లో ఆ దూరం దిగాలంటే గంటకు 1.35 మీటర్ల వేగం చాలు. 5 నిమిషాలైతే గంటకు 5.4 మీటర్లు కావాలి. మామూలు బురద రేణువు దిగేది గంటకు ఒక మీటరు దరిదాపుల్లో మాత్రమే.

ఈ లెక్క తెలిసి కూడా 8వ రోజు ఉదయం సమయాన్ని 20 నుంచి ఒక్కసారిగా 5 నిమిషాలకు కోశాను. చదివిన పత్రాల్లో చాలావాటిలో ఐదు నిమిషాలే కనిపించింది. వారు అక్కడికి ఎన్ని వారాల్లో చేరారో నేను గమనించలేదు.

ఆ రోజు బాటిలులో పట్టిన నీరు రాగిజావ రంగులో ఉంది. కొలతలు ఇలా వచ్చాయి.

- 8వ రోజు: బయటికి పోయిన ఘనపదార్థం లీటరుకు 640 మి.గ్రా.; పదిహేను లీటర్లకు 9.6 గ్రా.
- 9వ రోజు: 320 మి.గ్రా.; 4.8 గ్రా.
- 10వ రోజు: 150 మి.గ్రా.; 2.25 గ్రా.
- 11వ రోజు ఉదయం గొట్టంలో మిగిలింది లీటరుకు 610 మి.గ్రా., అంటే మొత్తం మూడు గ్రాములు.

మొదట గొట్టంలో ఉన్నది పదిహేను గ్రాములు. 420 సీవోడీ ఉన్న పదిహేను లీటర్ల మురుగు తిని రోజుకు పుట్టగల కొత్త బురద రెండున్నర గ్రాములు. పుట్టేదానికి నాలుగింతలు తొలిరోజే తోసేశాను. గుళికలు చేసుకోవడానికి లోపల ఏదో ఒకటి బతికి ఉండాలి కదా.

ఎస్టీపీ చూసుకునే పెద్దాయన బకెట్టులోకి తొంగి చూసి, "ఏమిటికి సార్ ఇంత బురద పారబోస్తా ఉండారు? మా ట్యాంకులో దీన్ని పెంచేకి మాకు ఆర్నెల్లు పట్టె" అన్నాడు. రెండోసారి విత్తనం అడగడానికి నాకు మొహం చెల్లలేదు. "ఈసారి జాగ్రత్తగా పెంచుతానన్నా" అని చెప్పి తీసుకున్నాను.

ఆ రోజు రాసుకున్న నియమం ఈనాటికీ మార్చలేదు: ఒక రోజులో బయటికి పోయే ఘనపదార్థం, గొట్టంలో ఉన్నదానిలో ఎనిమిదో వంతుకు మించరాదు. మించితే సమయాన్ని మళ్లీ పెంచాలి. ఏడు రోజులు వరసగా మించకుండా ఉంటేనే తరవాతి మెట్టు దిగాలి. మెట్లు 20, 15, 12, 10, 8, 5, 3 నిమిషాలు.

మొత్తం: 14 రోజులు, అందులో నడిచినవి 11, శుద్ధికి వెళ్లిన మురుగు 165 లీటర్లు, ఖర్చు రూ. 8,670.

దశ 3: దూది ఉండలు (నవంబరు 18 నుంచి డిసెంబరు 18 వరకు, 15–45 రోజులు)

రెండవ విత్తనం 2,900 మి.గ్రా. ఐదు నిమిషాల ఎస్వీఐ 248, ముప్పై నిమిషాలది 155. నియమం ప్రకారం 22వ రోజున 15 నిమిషాలకు దిగాను.

20వ రోజు ఒక చిన్న మోసం జరిగింది. గుళికల శాతం కొలవడానికి మట్టి పరీక్షల ప్రయోగశాల నుంచి 212 మైక్రాన్ల జల్లెడ అరువు తెచ్చాను. మురుగులో ముంచిన జల్లెడను వాళ్లు తిరిగి తీసుకోలేదు, అది వేరే సంగతి. 200 మి.లీ. బురదను ఆ జల్లెడ మీద నెమ్మదిగా నీటితో కడిగి, పైన మిగిలినదాన్ని ఎండబెట్టి తూచితే మొత్తం బరువులో 18 శాతం వచ్చింది. ఇంత త్వరగా వచ్చిందేమిటని భూతద్దం కింద పెట్టి చూశాను. వెంట్రుకలు, బట్టల పీచు, నాలుగు మిరపగింజలు, ఒక అన్నం మెతుకు కనిపించాయి. గుళిక ఒక్కటి కూడా లేదు. అప్పటినుంచి మురుగును టీ జాలీలో వడగట్టి పోస్తున్నాను. జల్లెడ మీద మిగిలినదాన్ని తూచే ముందు పట్టకారుతో వెంట్రుకలు ఏరేస్తున్నాను.

33వ రోజుకు గొట్టంలో తెల్లటి ఉండలు తేలుతున్నాయి. దూరం నుంచి గుళికల్లాగా ఉన్నా చేత్తో తీస్తే తడిసిన దూదిలాగా వేళ్ల మధ్య జారిపోతున్నాయి. సూక్ష్మదర్శినిలో పీచు జాతి బ్యాక్టీరియా జడలుగా అల్లుకొని కనిపించింది. ఘనపదార్థం 2,100కు పడిపోయింది. అరగంటకు 400 మి.లీ., అంటే ఎస్వీఐ 190. మొదలుపెట్టిన చోటుకంటే వెనక్కి వెళ్లాను.

కారణం కూలర్ పంపు. అది 2.5 లీటర్ల మురుగును రెండు నిమిషాల్లో పైనుంచి కుమ్మరిస్తోంది. వెంటనే గాలి మొదలవుతోంది. ఆహారమూ ప్రాణవాయువూ ఒకేసారి దొరికితే వేగంగా పెరిగే జీవులే గెలుస్తాయి. అవి పీచుగా, వదులుగా పెరుగుతాయి. గాలి లేని స్థితిలో, అడుగున పేరుకున్న బురద గుండా మురుగు నెమ్మదిగా ఎక్కితే, ఆ సమయంలో తిండిని ఒంట్లో దాచుకోగల జీవులు దాన్ని ముందే పట్టేస్తాయి. ఫాస్ఫరస్‌ను కూడబెట్టే బ్యాక్టీరియా ఆ జాతిదే. అవి దాచుకున్నదాన్ని గాలి వచ్చాక తీరిగ్గా తింటూ నిదానంగా పెరుగుతాయి. నిదానంగా పెరిగినది గట్టిగా, నునుపుగా ఉంటుంది. నెదర్లాండ్స్‌లోని ఏపె పట్టణంలో 2012లో ప్రారంభోత్సవం జరిగిన పెద్ద గుళికల ప్లాంటులో కూడా మురుగును అడుగు నుంచే ఎక్కిస్తారు. అక్కడ అది ఎక్కుతున్నంతసేపూ శుద్ధి అయిన నీరు పైనుంచి పొర్లిపోతుంది కనుక వేరుగా వదలవలసిన పని లేదు. నా గొట్టానికి రంధ్రం మధ్యలో ఉంది కనుక ఆ సౌకర్యం లేదు.

మార్పులు:

1. కూలర్ పంపు తీసేసి, నిమిషానికి 42 మి.లీ. పోసే పెరిస్టాల్టిక్ పంపు పెట్టాను. నింపడం 60 నిమిషాలు, గాలి లేకుండా, అడుగు నుంచి.
2. గాలి సమయం 205 నుంచి 155 నిమిషాలకు తగ్గింది. దించడం 15, వదలడం 10. దించే సమయంలో కోసిన ప్రతి నిమిషమూ ఆ తరవాత గాలికే చేరుతుంది.
3. అడుగున మూడు వరసల గాజు గోళీలు పరిచి, వాటి పైన గాలిరాయి పెట్టాను.

గోళీలు ఎందుకంటే, పంపు బిగించిన మొదటి రోజు ఖాళీ గొట్టంలో మంచినీళ్లు నింపి, మిఠాయిల్లో వేసే ఎర్రరంగు కలిపిన నీటిని అడుగు నుంచి ఎక్కించి చూశాను. రంగు గొట్టమంతా పరచుకోకుండా ఒక పక్కగా అగరుబత్తి పొగలాగా సన్నటి తీగై పైదాకా వెళ్లిపోయింది. మురుగు అలాగే వెళ్తే బురదలో నూటికి తొంభై వంతులకు తిండి అందదు. గోళీలు వేశాక అదే రంగు అడుగున పళ్లెంలాగా పరుచుకుని, సమమైన మట్టంతో పైకి వచ్చింది. అరవై రూపాయల గోళీలు ఈ మొత్తం పనిలో నేను పెట్టిన అత్యుత్తమమైన ఖర్చు.

45వ రోజుకు దూది ఉండలు తగ్గాయి. గుళికలు మాత్రం ఇంకా లేవు.

మొత్తం: 45 రోజులు, మార్పులకు ఆపిన రోజులు 2, మురుగు 600 లీటర్లు. కొత్త ఖర్చు పంపు 2,800, గోళీలు 60, జాలీ 40. మొత్తం రూ. 11,570.

దశ 4: కరెంటు, సంక్రాంతి సెలవులు (డిసెంబరు 19 నుంచి జనవరి 20 వరకు, 46–78 రోజులు)

46వ రోజు రాత్రి కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది. నా టైమరు కరెంటు వచ్చిన ప్రతిసారీ విడతను మొదటి నుంచి మొదలుపెడుతుంది. మొదటి పని నింపడం. గొట్టంలో 90 సెం.మీ. పైన మిగిలిన ఖాళీ 1.66 లీటర్లు మాత్రమే. తెల్లవారి తలుపు తీసేసరికి నేలంతా మురుగు, దానితోపాటు బురదలో మూడోవంతు. ఆ వాసన వారం రోజులు పోలేదు.

టైమరు తీసేసి ఆర్డుయినో బోర్డు (ప్రోగ్రాముతో నడిచే చిన్న కంట్రోలరు), దానికి సొంత బ్యాటరీ ఉన్న గడియారపు చిప్పు పెట్టాను. ఇప్పుడు విడతలు గోడ గడియారాన్ని బట్టి నడుస్తాయి. 2 గంటలకు, 6 గంటలకు, 10 గంటలకు నింపడం మొదలవుతుంది. మధ్యలో కరెంటు పోయి వస్తే ఆ నిమిషానికి ఏ పని జరగాలో ఆ పనే జరుగుతుంది. కరెంటు లేనప్పుడు గాలి కోసం చిన్న బ్యాటరీ చేర్చాను. ఒక మీటరు ఎత్తులో పొర్లుగొట్టం వేసి కింద బకెట్టు పెట్టాను. ఈ పొర్లుగొట్టం మొదటి రోజే వేయవలసింది. ప్రోగ్రాము ఎంత బాగా రాసినా గొట్టానికి ఒక తూము ఉండి తీరాలి.

55వ రోజు 12 నిమిషాలకు, 62వ రోజు 10 నిమిషాలకు దిగాను. 60వ రోజు కొలతలు: 2,400 మి.గ్రా., ఎస్వీఐ ఐదు నిమిషాలకు 171, ముప్పైకి 108.

68వ రోజున, అంటే జనవరి 10న, హాస్టలు ఖాళీ అయింది. మురుగు సీవోడీ 130కి పడిపోయింది. బురద పస్తులుండకుండా కృత్రిమ మురుగు కలిపాను. రోజుకు 15 లీటర్ల బోరునీటికి:

1. నీరు లేని సోడియం ఎసిటేట్ 7.7 గ్రాములు. గ్రాముకు 0.78 గ్రాముల సీవోడీ వస్తుంది కనుక లీటరుకు సుమారు 400 మి.గ్రా. అవుతుంది. స్ఫటిక రూపం ఎసిటేట్ అయితే గ్రాముకు 0.47 మాత్రమే, సీసా మీది పేరు చూసి తూచాలి.
2. అమ్మోనియం క్లోరైడు 2.06 గ్రాములు.
3. పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.33 గ్రాములు.

పండగ నాలుగు రోజులూ ఊరికి వెళ్లకుండా దీన్ని కలుపుతూ కూర్చున్నాను. 75వ రోజు గాలి ఆగగానే గొట్టం అడుగున ఏదో రాలుతున్నట్టు కనిపించి, టార్చి వేసి చూస్తే, ఆవాల కన్నా చిన్నవి, లేత పసుపురంగువి, అంచులు స్పష్టంగా ఉన్న గుండ్రటి గింజలు గోళీల మీదికి ఒక్కొక్కటిగా దిగుతున్నాయి. 78వ రోజు: 3,200 మి.గ్రా., ఎస్వీఐ 91, 66. జల్లెడ మీద వెంట్రుకలు లేకుండా 46 శాతం.

పది వారాల మురుగు చేయనిది పది రోజుల ఎసిటేట్ చేసింది. ఎసిటేట్ చిన్న అణువు. బురద పొరలోకి లోతుగా చొరబడుతుంది. దాచుకునే జీవులకు ఇష్టమైన తిండి. హాస్టలు మురుగులో సగానికి పైగా తిండి పిండి, నూనె, మెతుకుల రూపంలో ఉంటుంది. అది ముందు కరగాలి. కృత్రిమ మురుగుతో తీసిన అందమైన గుళికల ఫోటోలు చూసి ఎవరైనా తమ ఊరి మురుగుతో రోజుల లెక్క కడితే నిరాశే మిగులుతుంది. నేను అదే చేశాను.

మొత్తం: 78 రోజులు, ఆపిన రోజులు ఈ దశలో 3, నీరు 1,050 లీటర్లు. బోర్డు, చిప్పు 1,150, బ్యాటరీ 1,900, పొర్లుగొట్టం 120, రసాయనాలు 540. మొత్తం రూ. 15,280.

దశ 5: తప్పు చెప్పిన సీవోడీ (జనవరి 21 నుంచి మార్చి 10 వరకు, 79–127 రోజులు)

అసలు మురుగు తిరిగి రాగానే గుళికలు కొన్ని విడిపోయాయి. 96వ రోజుకు జల్లెడ శాతం 38కి తగ్గింది. 100వ రోజు ఎస్వీఐ 110, 75. నియమం ప్రకారం ఆగవలసి వచ్చింది కనుక 8 నిమిషాలకు 101వ రోజున, 5 నిమిషాలకు 116వ రోజున దిగాను. దశ 2లో మొత్తం బురదను తోసేసిన ఐదు నిమిషాలు ఇవే. ఈసారి తొలిరోజు బయటికి పోయినది 1.6 గ్రాములు, అంటే గొట్టంలో ఉన్నదానిలో పదో వంతు కన్నా తక్కువ.

అయితే నీరు కంటికి తేటగా కనిపిస్తున్నా బయటికి వచ్చే సీవోడీ నెలరోజులుగా 130 దగ్గర కదలకుండా నిలిచింది. గాలి సమయం మార్చాను, మురుగు తగ్గించాను. ఆ అంకె మారలేదు. అమ్మోనియా మాత్రం 4కు దిగింది. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా మిగతావాటికంటే సున్నితమైనవి. అవి సుఖంగా ఉన్న చోట అంత సీవోడీ మిగలడం పొసగదు.

108వ రోజు ఏమీ తోచక ప్రయోగశాల కుళాయి నీటికి, అంటే వట్టి బోరునీటికి, సీవోడీ పరీక్ష చేశాను. 85 వచ్చింది.

మా బోరునీటిలో క్లోరైడు లీటరుకు 380 మి.గ్రా. పరీక్షలో వాడే డైక్రోమేట్ క్లోరైడును కూడా ఆక్సీకరిస్తుంది. ఒక్కో మిల్లీగ్రాము క్లోరైడుకు 0.226 మి.గ్రా. దొంగ సీవోడీ కలుస్తుంది. 380ని 0.226తో గుణిస్తే 86. దీన్ని అడ్డుకోవడానికి మెర్క్యూరిక్ సల్ఫేట్ వేస్తారు. మా ప్రయోగశాలలో పాదరసం ముట్టుకోవడం ఇష్టం లేక ఎప్పుడో ఎవరో దాన్ని రసాయనాల జాబితా నుంచి తీసేశారు. ఆ జాబితానే నేను అనుసరిస్తూ వచ్చాను.

క్లోరైడుకు పదింతల బరువు మెర్క్యూరిక్ సల్ఫేట్ వేసి మళ్లీ చేస్తే 130 కాస్తా 45 అయింది. ఈ డైరీలో ఇంతకుముందు 420 అని ఉన్న ప్రతిచోటా 334 అని చదువుకోవాలి. అప్పుడు రోజుకు పుట్టే బురద కూడా రెండున్నర గ్రాములు కాక రెండు గ్రాములే. నా ఎనిమిదో వంతు నియమం పదిహేను గ్రాముల బురదకు 1.9 గ్రాములు అనుమతిస్తుంది; వెంట్రుకవాసిలో బతికిపోయింది. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో బోరునీటి మురుగుతో పనిచేసేవారు ముందు కుళాయి నీటికి సీవోడీ కట్టి చూడాలి. పరీక్ష తరవాత పాదరసం ఉన్న ద్రావణాన్ని సింకులో పోయకుండా వేరే సీసాలో పోగుచేయాలి.

ఆ బోరునీరే మరోచోట మేలు చేసింది. ఒక మి.గ్రా. అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారడానికి 7.14 మి.గ్రా. క్షారత ఖర్చవుతుంది. 32 మి.గ్రా. మారితే 228 పోతుంది. మాకు 410 ఉంది కనుక పీహెచ్ 7.3 కంటే ఎన్నడూ తగ్గలేదు; సోడా వేయవలసిన అవసరం రాలేదు.

127వ రోజు కొలతలు: 4,100 మి.గ్రా.; ఎస్వీఐ 73, 59; జల్లెడ మీద 61 శాతం. ఇరవై గుళికలను డ్రాపరుతో ఒక్కొక్కటిగా సిలిండరులోని మంచినీటిలో వదిలి, 30 సెం.మీ. దిగడానికి పట్టే సమయం స్టాప్‌వాచితో తీశాను. సగటు 58 సెకన్లు, అంటే గంటకు 18.6 మీటర్లు. పెద్ద గుళిక ఒకదాన్ని బ్లేడుతో కోస్తే బయట గోధుమరంగు పొర, లోపల నల్లటి నడిమి భాగం కనిపించాయి. పై పొరకు గాలి అందుతుంది, అక్కడ అమ్మోనియా నైట్రేటు అవుతుంది. లోపలికి గాలి చేరదు కనుక నైట్రేటు అక్కడ నత్రజని వాయువై పోతుంది. 32 మి.గ్రా. అమ్మోనియా మారినా బయట నైట్రేటు నత్రజని 12 మాత్రమే ఉండడానికి కారణం ఇదే.

మొత్తం: 127 రోజులు, నీరు 1,785 లీటర్లు, మెర్క్యూరిక్ సల్ఫేట్ 1,750. మొత్తం రూ. 17,030.

దశ 6: ఎండ కాదు, సున్నం (మార్చి 11 నుంచి ఏప్రిల్ 15 వరకు, 128–163 రోజులు)

129వ రోజు 3 నిమిషాలకు దిగాను. గంటకు 9 మీటర్ల కన్నా నెమ్మదిగా దిగేదేదీ ఇక లోపల ఉండదు.

138వ రోజుకు గొట్టం నుంచి కుళ్లిన వాసన మొదలైంది. గాలి నడుస్తుండగా డీవో (నీటిలో కరిగిన ప్రాణవాయువు) 0.9. గుళికల చుట్టూ మళ్లీ పీచు. నీటి వేడి 34 డిగ్రీలు ఉంది. ఆ వేడికి నీరు పట్టి ఉంచగలిగే ప్రాణవాయువే లీటరుకు ఏడు మిల్లీగ్రాములు. పైగా వేడికి జీవులు ఎక్కువ తింటాయి. మార్చిలోనే ఇట్లా ఉంటే ఏప్రిల్, మే నెలల్లో ఏమిటన్న బెంగతో గొట్టం చుట్టూ తడి గోనెపట్టా చుట్టాను. రెండు రోజులు చుట్టి ఉంచినా డీవో 1.1 దాటలేదు.

మూడోరోజు ఎస్టీపీ పెద్దాయన వచ్చి గొట్టం పక్కన నిలబడి, "బుడగలు లావైనాయి సార్. రాయి పట్టేసుండాది. మన కూలర్ గడ్డికి పట్టినట్లే ఇదీను" అన్నాడు.

రోటామీటరు చూస్తే నిమిషానికి 2.6 లీటర్లు. నాలుగు దగ్గర పెట్టి నాలుగు నెలలుగా దాని వైపు చూడలేదు. గాలి లేచే వేగం 1.2 నుంచి 0.78 సెం.మీ.కు పడిపోయింది. గాలిరాయిని బయటికి తీస్తే గోరుతో గీసినా రాలని తెల్లటి పెచ్చు కట్టి ఉంది. 520 కాఠిన్యం ఉన్న నీళ్లలో నాలుగు నెలలు బుడగలు ఊదితే కట్టేది సున్నమే.

1. రాయిని నూటికి ఐదు పాళ్ల నిమ్మ ఉప్పు ద్రావణంలో రాత్రంతా నానబెట్టాను. పొద్దునకు పెచ్చు కరిగి, రాయి కొన్నప్పటిలాగా ఊదింది.
2. రెండో రాయి కొని, పదిహేను రోజులకొకసారి ఒకదాన్ని తీసి ఒకదాన్ని వేస్తున్నాను.
3. రోటామీటరు అంకెను రోజూ ఉదయం రాస్తున్నాను. 3.6కు తగ్గితే పదిహేను రోజులు ఆగకుండా అప్పుడే మారుస్తాను.

డీవో మరునాటికి 3.4. పీచు పోవడానికి మరో తొమ్మిది రోజులు పట్టింది. నీటి వేడి ఈలోగా 35 డిగ్రీలు దాటింది, గుళికలకు ఏమీ కాలేదు. గోనెపట్టా తీసేశాను.

150వ రోజు కొలతలు: 4,600 మి.గ్రా.; ఎస్వీఐ ఐదు నిమిషాలకు 63, ముప్పైకి 54; జల్లెడ మీద 72 శాతం. సరిదిద్దిన సీవోడీ లోపలికి 340, బయటికి 48. అమ్మోనియా నత్రజని 37 నుంచి 3. బయటికి పోయే ఘనపదార్థం 42 మి.గ్రా. ఈ చివరి అంకె నాకు నచ్చలేదు. అంత తక్కువ సమయంలో దించితే సన్నటి బురద తునకలు నీటితోపాటు పోక తప్పదు. మొక్కలకు డ్రిప్ పెట్టదలిస్తే వెనక ఇసుక వడపోత ఉండాలి. కడపటి రెండు వారాల్లో వాల్వు ముందు ఒక లీటరు డబ్బా పెట్టి చూశాను. అది 31కి తగ్గించింది కాని మూడు రోజులకొకసారి కడగాలి.

మొత్తం: 163 రోజులు; ఈ దశలో ఆపినది 1 రోజు; నీరు 2,310 లీటర్లు. రెండో గాలిరాయి 180, నిమ్మ ఉప్పు 90. మొత్తం రూ. 17,300.

163వ రోజు: నెలాఖరుకు హాస్టలు ఖాళీ అవుతుంది. రెండు లీటర్ల గుళికల బురదను మూడుసార్లు మంచినీటితో కడిగి, సీసాలో పోసి, ప్రయోగశాల ఫ్రిజ్‌లో 4 డిగ్రీల వద్ద పెట్టాను. మిగిలినది గొట్టంలోనే ఉంది. సెలవుల్లో దానికి రోజుకు మూడు విడతలే, సగం ఎసిటేట్, సగం ఎస్టీపీ మురుగు. ఫ్రిజ్‌లో మజ్జిగ బాటిల్ పెట్టుకునేవారు ఇద్దరున్నారు కనుక నా సీసా మీద ఎర్ర సిరాతో తేదీ, "తాగరాదు" అన్న మాట రాసి, పుర్రె బొమ్మ కూడా వేశాను.